రెండో తట్టలో ఎవరు?

మోండా మార్కెట్‌లో కూరలు కొనే ఆడవాళ్ళ కళ్ళు వంకాయల మీద ఉంటాయనుకుంటే పొరపాటే. ఏరడం అయిపోగానే ఆ కళ్ళు త్రాసు మీదికి వెళ్ళిపోతాయి. ముల్లు నిటారుగా నిలిచిందా, తట్ట అడుగున చింతపండు ముద్ద ఏమైనా అంటించి ఉందా, అమ్మేవాడి చిటికెనవేలు తాడు మీద పడిందా అని మన అమ్మల కాలం నుంచీ చూస్తూనే ఉన్నాం. ఇప్పుడు చాలా దుకాణాల్లో ముల్లు పోయి ఎర్ర అంకెలు వచ్చాయి. అనుమానం మాత్రం పోలేదు. సరుకు పెట్టకముందు సున్నా చూపించమంటాం. ప్రభుత్వానికీ మనంత అనుమానం ఉన్నట్టే ఉంది. ఇనప రాళ్ళకి రెండేళ్ళకోసారి, ఎలక్ట్రానిక్ కాటాకి ఏడాదికోసారి తూనికలు కొలతల శాఖవాళ్ళ ముద్ర పడాలి. సరుకుని తూచే వస్తువుని కూడా ఎవరో ఒకరు తూస్తూ ఉండాలన్నమాట.

అరకిలో చిక్కుడుకాయల దగ్గర ఇంత జాగ్రత్తపడే మనం మూడేళ్ళ పిల్లవాడిని తూచేటప్పుడు ఏం చేస్తున్నాం?

బరువు సంగతి కాదు నేనంటున్నది. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూశాడా, గ్లాసు పట్టుకున్నాడా, రెండు మాటలు కలిపి చెప్పాడా, తోటి పిల్లల దగ్గరికి వెళ్ళాడా అని తూచడం. ఎదుగుదలలో వెనకబడిన పిల్లల్ని చిన్నప్పుడే గుర్తుపట్టి, బడి ఈడు రాకముందే వాళ్ళకి తగిన శిక్షణ మొదలుపెట్టడం అన్నది ఇప్పుడు దేశమంతటా సాగుతున్న పని. ఆ పనికి ఆధారం లెక్కలే. ఏ పిల్ల ఏం చేయగలుగుతోంది, పోయిన నెల ఏం చేసింది, ఈ నెల ఏం మారింది అని రాసుకోవడం, ఆ రాసుకున్నదాన్ని బట్టి రేపటి పాఠం దిద్దుకోవడం. వినడానికి ఎంతో తేలిక. కాని పాలు మరిచిపోని పసివాడిని అలా గడుల్లో, అంకెల్లో పెట్టడం ధర్మమేనా అని అడిగేవాళ్ళున్నారు. అడగవలసిన ప్రశ్నే. "ధర్మమే" అనో, "కాదు" అనో ఒక్క ముక్కలో తేల్చేసి తప్పుకోవడం మాత్రం నాకు చేతకావడం లేదు.

మన ఇళ్ళలో పిల్లల్ని కొలవడమంటే మొదటినుంచీ భయమే. నిద్రపోతున్న పాపాయి పొడుగుని సరదాకి జానతో కొలవబోతే బామ్మ చేతిమీద ఒక్కటి వేసి, "కొలవకే, దిష్టి!" అనేది. దిష్టి భయం చిన్నది. అంతకన్న పెద్ద భయం పేరు పడిపోతుందని. "ఆ పిల్లవాడు కొంచెం అదో రకం" అని ఒక్కరు అంటే చాలు, ఆ మాట వీధి చివరిదాకా పోతుంది. వాడి కోసం ఎదురుచూస్తుంది, వాడి అక్క పెళ్ళి చూపుల రోజున గుమ్మంలో నిలబడుతుంది. అందుకే ఎవరూ మాట పైకి రానివ్వరు. పైగా ధైర్యం చెప్పడానికి మన దగ్గర ఒక మాట సిద్ధంగా ఉంటుంది. "వాళ్ళ నాన్నకీ అయిదో ఏడు దాకా మాటలు రాలేదమ్మా. ఇప్పుడు చూడు, బ్యాంకులో ఆఫీసరు!"

ఈ మాట చెప్పేవాళ్ళలో చెడు ఉద్దేశం ఉండదు. కొందరు పిల్లల విషయంలో అది నిజమే అవుతుంది కూడా. కాని నిజం కాని పిల్లల సంగతో? వాళ్ళ విషయంలో మనం ఎదురుచూసిన రెండేళ్ళూ తిరిగిరావు. మెదడు అన్నింటికన్న చురుగ్గా అల్లుకునేది ఆ మొదటి అయిదారేళ్ళలోనే. చెవి సరిగ్గా వినిపించని పాపకి ఒకటో ఏట అది తెలిస్తే ఒక దారి, అయిదో ఏట తెలిస్తే మరో దారి. ఈలోగా పోయింది వినికిడి ఒక్కటే కాదు, భాష కూడా.

"మొక్కై వంగనిది మానై వంగునా" అని మన పెద్దలే అన్నారు కదా అంటారేమో. అన్నారు. ఆ సామెతని మనం ఎక్కువగా పిల్లల్ని కొట్టేటప్పుడు వాడుకున్నాం. అందులో ఉన్న తొందర నాకిష్టమే. నచ్చనిది ఒక్కటే. వంగకపోతే తప్పు మొక్కదే అన్నట్టుంటుంది. ఎప్పుడు వంచావు, ఎటు వంచావు, మొదట్లో నీళ్ళు పోశావా అని మొక్క తరఫున ఒక్కరూ అడగరు.

ఆ ప్రశ్న అడిగే కాగితం ఒకటి నేను మోండా మార్కెట్‌లోనే చూశాను.

అక్కడ నేను ఎప్పుడూ తోటకూర, గోంగూర కొనే ఒకావిడ ఉంది. కట్టల వెనకాల గోనెసంచి మీద ఆవిడ కొడుకు కూర్చుని ఉంటాడు. నాలుగేళ్ళు నిండబోతున్నాయి. కొత్తిమీర కాడలు ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ ఉంటాడు గాని పిలిస్తే పలకడు. ఆ పిల్లవాడిని ఆవిడ కొంతకాలంగా ఒక శిక్షణ కేంద్రానికి తీసుకువెడుతోంది. ఒకరోజు కొంగు ముడి విప్పి, మడతలు పడిన కాగితం నా చేతిలో పెట్టింది.

"జర సదివి చెప్పమ్మా. మావోడు పాసయిండా, ఫెయిలయిండా?"

కాగితం నిండా వరసలు. "పేరు పిలిస్తే చూస్తాడు", "గ్లాసుతో నీళ్ళు తాగుతాడు", "తన చేత్తో అన్నం తింటాడు", "అవసరం వస్తే సైగ చేస్తాడు". ఇలా ఒక్కొక్కటీ, దానికెదురుగా ఒక గుర్తు. మార్కులు లేవు. మొత్తం వేసి కింద గీత గీసి రాసిన అంకె కూడా లేదు.

అలాంటి పట్టికలు ఎక్కడో విదేశాల్లో పుట్టి మనకి దిగుమతి అయినవే అనుకోకండి. మోండా మార్కెట్‌ నుంచి ఆటోలో వెడితే ఎంతో దూరం లేని బోయినపల్లి మనోవికాస్ నగర్‌లో 1984లో బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం ఒక జాతీయ సంస్థ వెలిసింది. ఎన్.ఐ.ఎం.హెచ్. అంటే సికింద్రాబాదులో ఆటోవాళ్ళకి కూడా తెలుసు. 2015లో పేరు మార్చి ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. అన్నారు. మాంద్యం అన్న మాట తీసేసి సాధికారత అన్న మాట పెట్టారన్నమాట. మన పిల్లల కోసం, మన ఇళ్ళలో ఉండే గ్లాసులూ గిన్నెలూ చెప్పులూ దృష్టిలో పెట్టుకుని ఆ సంస్థవాళ్ళు ఒక పట్టిక తయారుచేశారు. ఎఫ్.ఎ.సి.పి. అని దాని పొట్టిపేరు. దేశంలో ఎన్నో ప్రత్యేక పాఠశాలలు దాన్ని వాడుకుంటున్నాయి. అంతకుముందే మద్రాసులో తయారైన మరో పట్టిక ఉంది. దానిలో 18 విభాగాలు, విభాగానికి 20 చొప్పున 360 అంశాలు.

ఈ సికింద్రాబాదు పట్టికలో నన్ను ఆకట్టుకున్నది అందులోని గుర్తుల తీరు. వచ్చు, రాదు అని రెండే గడులుంటే అది పరీక్ష అయిపోయేది. ఇందులో అలా లేదు. పిల్లవాడు తనంత తానే చేస్తున్నాడా? అప్పుడప్పుడూ చిన్న సూచన ఇస్తే చేస్తున్నాడా? నోటితో చెబుతూ ఉంటే చేస్తున్నాడా? చెయ్యి పట్టుకుని చేయిస్తే చేస్తున్నాడా? పూర్తిగా మనమీదే ఆధారపడ్డాడా? ఇన్ని మెట్లు. ఒక పిల్లవాడు మూడు నెలల్లో "చెయ్యి పట్టుకుంటే" అన్నచోటి నుంచి "చెబితే" అన్న చోటికి వచ్చాడంటే, రెండు గడుల పట్టికలో వాడు ఇంకా "రాదు"లోనే ఉండేవాడు. ఇందులో మాత్రం ఆ ఒక్క మెట్టూ కనిపిస్తుంది. ఆ మెట్టు ఎంత ఎత్తో ఆ పిల్లవాడికీ, వాళ్ళమ్మకీ తెలుసు. నూటికి 80 అంశాలు వచ్చాక పై తరగతి పట్టిక మొదలుపెడతారు.

వీటన్నిటికీ తోడు మరో గుర్తు కూడా ఉంది. "ఇంకా పరిచయం కాలేదు" అని దాని అర్థం. పిల్లవాడికి ఆ పని చేసే అవకాశమే ఎవరూ ఇవ్వలేదన్నమాట.

ఆకుకూరలావిడ కాగితంలో "తన చేత్తో అన్నం తింటాడు" అన్న వరసకి ఎదురుగా ఆ గుర్తే ఉంది. చదివి చెప్పాను. ఆవిడ ఒక్క క్షణం ఆగి, "నిజమే గదమ్మా. పొద్దుగాల గిరాకీ ఉంటది. వాడు తినేదాంక ఎవరు కూసుంటరు? నేనే ముద్దలు జేసి పెడ్త" అంది.

చూశారా? ఆ గడిలో ఉన్నది పిల్లవాడి అసమర్థత కానే కాదు. పొద్దున్న ఏడు గంటల మార్కెట్ రద్దీ, ఒంటిచేత్తో దుకాణం నడిపే తల్లి తీరిక లేనితనం, ఎవరూ సాయం లేని ఇల్లు. ఇంతమంది కథ పిల్లవాడి పేరు మీద రాసి ఉంది. ఆవిడని తప్పు పట్టే గుర్తూ కాదది. మొదటి పని ఎక్కడుందో చూపించే గుర్తు.

"పాసూ లేదు, ఫెయిలూ లేదమ్మా ఇందులో. వాడితో ఏం మొదలుపెట్టాలో రాశారు" అన్నాను.

"అట్లయితే ఇది వానికి గాదు, నాకే ఇచ్చిన్రన్నట్టు" అంది ఆవిడ, కాగితం మళ్ళీ కొంగున ముడేసుకుంటూ. ఇంత చదివినవాళ్ళం మనం ఇంత చక్కగా చెప్పలేం.

ఆ తర్వాత కేంద్రంలోని టీచరు ఆవిడకి ఇంకో పని అప్పగించింది. రోజూ పదిసార్లు పిల్లవాడిని పేరు పెట్టి పిలవాలి. ఎన్నిసార్లు తిరిగి చూశాడో గుర్తు పెట్టుకోవాలి. రాయడం రాని ఆవిడ, దుకాణం చెక్క మీద సుద్దతో గీతలు గీసింది. వెనకటికి పాలవాడి లెక్క గోడమీద బొగ్గుతో గీసేవాళ్ళం చూడండి, అచ్చం అలాగే. పదిహేను రోజుల గీతలు చూస్తే పొద్దున్న పూట పదికి ఒకటీ రెండూ, మధ్యాహ్నం గిరాకీ పలచబడ్డాక పదికి అయిదూ ఆరూ ఉన్నాయి. టీచరు ఆ గీతలు చూసి రెండు పనులు చేసింది. చెవుల పరీక్షకి పంపింది. చెవులు బాగానే ఉన్నాయని తేలింది. ఆపైన అభ్యాసాలన్నీ మధ్యాహ్నానికి మార్చి, తోపుడుబళ్ళ అరుపులు వినిపించని మూల ఒకటి వెతికి పెట్టమంది. అంతకుముందు "వీడికి పిలిస్తే పలకడం రాదు" అన్నది ఇంటిల్లిపాదీ నమ్మిన సంగతి. "రద్దీలో పలకలేడు, నిశ్శబ్దంలో పలుకుతాడు" అన్నది సుద్దగీతలు చెప్పిన సంగతి. ఈ రెండు వాక్యాల మధ్య దూరం ఒక జీవితమంత ఉంటుంది.

ఈ పద్ధతి చాలా చోట్ల ఉంది. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని పోర్టేజి అనే చిన్న ఊళ్ళో 1969లో మొదలైన పథకం పేరు ఈ రంగంలో అందరూ చెబుతారు. పల్లెటూళ్ళు ఎడంగా ఉంటాయి, పిల్లల్ని రోజూ కేంద్రానికి తేవడం కుదరదు. అందుకని టీచరే వారానికోసారి ఇంటికి వెళ్ళి, తల్లికి ఒకటి రెండు పనులు చూపించి, ఒక కాగితం ఇచ్చి వచ్చేది. వారమంతా చేయించేదీ, గుర్తులు పెట్టేదీ తల్లే. మరో వారం టీచరు వచ్చి గుర్తులు చూసి, పని తేలికైతే పెంచేది, కష్టమైతే ముక్కలు చేసేది. ఆ పద్ధతి ఎన్నో దేశాలకి పాకింది, మన దేశానికీ వచ్చింది. కేరళలో 1991లో తయారైన తిరువనంతపురం పరీక్ష ఇంకా తేలిక. రెండేళ్ళలోపు పిల్లలకి 17 అంశాలు. పటం మీద పాప వయసు దగ్గర పెన్సిలు నిలువుగా ఆనిస్తారు. పెన్సిలుకి ఎడమవైపు ఉన్నవన్నీ ఈపాటికి వచ్చి ఉండాలి. ఒక్కటి రాకపోయినా డాక్టరుకి చూపించాలి. అంగన్‌వాడీ అమ్మాయి కూడా చేయగల పని.

ఇంత మంచి సంగతి అయితే ఇక భయమెందుకు అంటారా? భయపడడానికి చరిత్రలో కారణం ఉంది.

1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే అనే ఆయన, సైమన్ అనే సహచరుడితో కలిసి పిల్లల తెలివిని కొలిచే పరీక్ష ఒకటి తయారుచేశాడు. బడిలో వెనకబడుతున్న పిల్లల్ని గుర్తుపట్టి వాళ్ళకి వేరే సాయం అందించాలన్నదే ఉద్దేశం. తెలివి అనేది పుట్టుకతో వచ్చి ఎప్పటికీ మారని కొలత అంటే ఆయన ఒప్పుకోలేదు. 1911లో ఆయన పోయాడు. ఈలోగా ఆ త్రాసు సముద్రం దాటింది. అమెరికాలో గొడార్డ్ అనే మనస్తత్వవేత్త దాన్ని ఇంగ్లీషులోకి మార్చుకున్నాడు. 1913లో న్యూయార్కు దగ్గరి ఎల్లిస్ దీవిలో, ఓడలు దిగి అలసిపోయి ఉన్న వలసవాళ్ళ మీద అలాంటి పరీక్షలు ప్రయోగించారు. ఆ దేశపు భాష కూడా రానివాళ్ళు వాళ్ళలో ఎంతమందో. 1927లో ఆ దేశపు సుప్రీంకోర్టు, క్యారీ బక్ అనే యువతికి ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయవచ్చని తీర్పు చెప్పింది. ఆమె మందబుద్ధి, ఆమె తల్లి మందబుద్ధి, ఆమె కూతురూ అంతేనని వాదన. సాక్ష్యం చెప్పించేనాటికి ఆ కూతురికి ఏడాదైనా నిండలేదు. పాపని చూసిన ఒక సాంఘిక సేవిక, ఎక్కడో ఏదో తేడాగా ఉందన్నట్టు సాక్ష్యం చెప్పింది. ఆ పాపే కొన్నేళ్ళకి బడిలో చేరి మంచి విద్యార్థుల జాబితాకెక్కింది. అప్పటికి తల్లికి జరగవలసిన అన్యాయం జరిగిపోయింది.

పారిస్‌లో ఉన్నదీ, ఎల్లిస్ దీవిలో ఉన్నదీ ఒకే రకం త్రాసు. ఒకచోట తూచినవాడు, "ఈ పిల్లకి నేనేం చేయాలి?" అని అడిగాడు. మరోచోట తూచినవాళ్ళు, "వీళ్ళని ఏం చేద్దాం?" అని అడిగారు. మొదటి ప్రశ్నలో బరువు తూచేవాడి మీద పడుతుంది. రెండోదానిలో తూగినవాళ్ళ మీద పడుతుంది. బిడ్డని అంకెల్లో పెట్టడం ధర్మమా కాదా అన్నదానికి నాకు దొరికిన జవాబు ఇక్కడే ఉంది.

శిబి చక్రవర్తి కథ మనకి కొత్త కాదు. డేగ తరుముతుంటే పావురం వచ్చి ఒళ్ళో వాలింది. పావురమంత బరువు మాంసం ఇస్తానన్నాడు శిబి. ఒక తట్టలో పావురం, ఇంకో తట్టలో తన తొడ కోసి పెట్టిన మాంసం. ఎంత పెట్టినా పావురమే మొగ్గుతోంది. చివరికి శిబి తానే లేచి త్రాసులో కూర్చున్నాడు. చిన్నప్పుడు ఈ కథ విని శిబి త్యాగానికి ఆశ్చర్యపోయాం. ఇప్పుడు ఆలోచిస్తుంటే నాకు మరో సంగతి కనిపిస్తోంది. పావురం ఎంతకీ తూగడం లేదు కదా, ఒక్కసారైనా శిబి "ఈ పావురం మోసం చేస్తోంది" అనలేదు. "నేను చేయవలసింది చేశాను, ఇక నీ ఖర్మ" అనీ అనలేదు. తక్కువైంది తన తట్టలోదే అనుకున్నాడు.

వెనకబడిన బిడ్డని త్రాసులో పెట్టే ప్రతివాళ్ళూ, టీచరైనా డాక్టరైనా సర్కారైనా, రెండో తట్టలో తాము కూర్చోవాలి. అలా కూర్చోవడానికి ఇష్టపడనివాళ్ళకి తూచే హక్కు లేదు.

సర్కారు ఎలా కూర్చుంటుందంటారా? పెద్ద లెక్కలు తీసి. ఎదుగుదలలో తేడా ఉన్నవాళ్ళు ఎందరున్నారో మన దేశం చాలాకాలం అడగనే లేదు. 1981 జనాభా లెక్కల్లో వికలాంగుల గురించి అడిగారు, 1991లో మానేశారు, 2001లో మళ్ళీ అడిగారు. 2011లో 2 కోట్ల 68 లక్షల మంది అని తేలింది. జనాభాలో 2.21 శాతం. వాళ్ళలో ఆరేళ్ళలోపు పిల్లలు 20 లక్షల పైచిలుకు. ఆ లెక్కలో ఆటిజం ఉన్న పిల్లలకి విడిగా గడి లేదు. 2016లో వచ్చిన చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో అదీ ఉంది. పైగా, గుమ్మంలో నిలబడి అడిగే ఎన్యూమరేటరుకి ఎంతమంది తల్లులు నిజం చెప్పి ఉంటారు? అక్క పెళ్ళి సంగతి ఇందాక అనుకున్నాం కదా. దాచిన బిడ్డ లెక్కలోకి రాదు. లెక్కలోకి రాని బిడ్డకి టీచరుండదు, కుర్చీ ఉండదు, ఆ జిల్లాకి డబ్బూ ఉండదు. దిష్టి తగలకుండా దాచామనుకుంటాం గాని, అసలు దిష్టి అదే.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీ పిల్లల్ని ఏడాదికి రెండుసార్లు వైద్య బృందాలు వచ్చి చూడాలి. రకరకాల ఇబ్బందుల కోసం వెతకాలి. తేడా కనిపిస్తే జిల్లా కేంద్రానికి పంపాలి. 2021 జూన్‌లో అన్నిరకాల వైకల్యాలకీ ఒకేచోట తొలి శిక్షణ ఇచ్చే 14 కేంద్రాలు దేశంలో తెరిచారు. అందులో ఒకటి మన సికింద్రాబాదులోనే. మంచిదే. కాని వెతకడం ఒకటి, దొరికినవాళ్ళని చివరిదాకా పట్టుకోవడం ఒకటి. ఎంతమందిని పరీక్షించాం అని రిజిస్టరు గొప్పగా చెబుతుంది. పరీక్షలో తేలిన పిల్లల్లో ఎందరు నిజంగా కేంద్రం గుమ్మం తొక్కారు, తొక్కినవాళ్ళలో ఎందరు ఆరునెలల తర్వాత కూడా వస్తున్నారు, రావడం మానేసినవాళ్ళు ఎందుకు మానేశారు, బస్సు చార్జీకా, కూలి పోతుందనా అని అడిగినప్పుడే ఆ లెక్క సర్కారుని తూచిన లెక్క అవుతుంది. అడగకపోతే అది పిల్లల మీద వేసిన ముద్ర మాత్రమే.

ఇంకో ప్రమాదం ఉంది. మన తెలుగువాళ్ళకి దాన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. ఫలితాలు వచ్చిన రోజు టీవీలో ఒక గొంతు ఊపిరి తీసుకోకుండా "ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు" అని ర్యాంకులు చదివే ప్రకటనలు వింటూ ఒక తరం పెరిగింది. రేపు ప్రత్యేక శిక్షణ కేంద్రాలని కూడా శాతాలతో తూచి, ఎక్కువ శాతం చూపించినవాళ్ళకే డబ్బులిస్తామంటే ఏమవుతుంది? తొందరగా మెరుగుపడే పిల్లల్ని చేర్చుకుంటారు. నెమ్మదిగా నడిచే పిల్లకి "సీటు లేదు" అంటారు. ఇప్పటికే వచ్చిన పనులనే లక్ష్యాలుగా రాసి నెల తిరిగేసరికి "సాధించాం" అంటారు. చింతపండు ముద్ద తట్ట కింద అంటించడానికి మోండా మార్కెట్ దాకా రానక్కర్లేదు. కేంద్రాన్ని కొలవాలంటే, అతి కష్టమైన పిల్లల్ని ఎందరిని నిలుపుకున్నారన్నది మొదట చూడాలి.

కాగితాల గోప్యం మాట కూడా చెప్పుకోవాలి. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ సమాచార రక్షణ చట్టం, 18 ఏళ్ళలోపు పిల్లల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలంటోంది. చట్టం ఉన్నా లేకపోయినా, సంతకమో వేలిముద్రో పెట్టేముందు "ఇది ఎవరెవరు చూస్తారు? ఎందుకు?" అని అడిగే హక్కు తల్లికుంది. "ఈ అంకె తెలిస్తే రేపు మా పిల్ల పాఠంలో ఏం మారుతుంది?" అని కూడా అడగాలి. ఏమీ మారదంటే ఆ అంకె తీసుకోవలసిన పనే లేదు. మూడేళ్ళ పిల్ల ఒక మధ్యాహ్నమంతా బల్లముందు కూర్చోవడం ఊరికే వచ్చేది కాదు.

ఇక అన్నింటికన్న కష్టమైన ప్రశ్న. దాన్ని ఆకుకూరలావిడే అడిగింది. "ఎంత జేసినా గీతలు పెరగకపోతే ఎట్లమ్మా?"

పెరగకపోవచ్చు. అలాంటి పిల్లలున్నారు. పాఠం మార్చి, వేళ మార్చి, టీచరుని మార్చి, చెవులూ కళ్ళూ చూపించి, అన్నీ చేశాక కూడా గీత ఉన్నచోటే ఉండిపోవచ్చు. అప్పుడు లెక్క మనకేం చెబుతుంది? ఇక మానేయమని చెబుతుందా? ఏం చేయాలో ఇంకా మనకి తెలియలేదని చెబుతుంది, అంతే. ఆ పిల్లని ప్రేమించాలా, దగ్గర కూర్చోబెట్టుకోవాలా, శుభ్రమైన బట్టలు వేసి నలుగురిలోకి తీసుకువెళ్ళాలా అన్న విషయాల్లో లెక్కని సలహా అడగనక్కర్లేదు. మెరుగుపడితేనే అన్నం పెడతాం అని మన ఇళ్ళలో ముసలివాళ్ళకి అంటామా? అనం కదా. మరి పసివాళ్ళ దగ్గర మాత్రం అభివృద్ధిని అప్పులా ఎందుకు వసూలు చేయాలి?

ఆవిడకి ఇంత ఉపన్యాసం ఇవ్వలేదు లెండి. "గీతలు పెరగకపోతే టీచరమ్మని ఇంకో ఉపాయం అడుగుదువుగాని. పిల్లవాడినేమీ అడగకు" అన్నాను. "వాన్నేమడుగుతమమ్మా" అంది. ఆవిడ తోటకూర మీద నీళ్ళు చిలకరిస్తుంటే ఒక చుక్క పిల్లవాడి మొహం మీద పడి, వాడు నవ్వాడు. ఆ నవ్వుకి పట్టికలో వరస లేదు. ఉండాలనీ నేననను.

మన చుట్టాల్లోనో, పక్కింట్లోనో ఒక చిన్న తల్లి "మావాడు ఇంకా మాట్లాడడం లేదండీ" అని భయం భయంగా అన్నప్పుడు, బ్యాంకు ఆఫీసరు కథ చెప్పకండి. అయ్యో అని నొచ్చుకోనూ వద్దు. "పద, చూపిద్దాం, నేనూ వస్తాను" అనండి. ఆ పిల్లవాడి కోసం త్రాసు రెండో తట్టలో కూర్చోవలసింది తల్లి ఒక్కతే కాదు. ఆవిడ ఒక్కతే కూర్చుని కూర్చుని అలిసిపోయింది.